మావయ్య బేరం చేసిన హెడ్‌ఫోన్లు

ఆ రోజుల్లో మనిషికి రెండు చెవులుంటాయన్న సంగతి నేను దాదాపు మరిచిపోయాను. నా దగ్గరున్న ఇయర్‌ఫోన్లలో కుడివైపుది చచ్చిపోయి ఎనిమిది నెలలైంది. కొత్తవి కొనే ధైర్యం లేదు, పాటలు మానుకునే మనసు లేదు, అందుకని ఎడమ చెవితోనే సంసారం నెట్టుకొస్తున్నాను. ఈ కాలం పిల్లలు డబ్బాలోంచి చింతగింజల్లాంటివి రెండు తీసి చెవుల్లో వేసుకుని, ఒకటి కాలవలో పడితే ఇంకోటి తెప్పించుకుంటున్నారు గానీ, మా రోజుల్లో (పుష్కరం కూడా కాలేదు, అయినా 'మా రోజులు' అనుకోవడంలో ఓ పెద్దరికం ఉంది) పాట ప్రాణమంతా వైరులో ఉండేది. వైరు తెగిందా, పాట పోయినట్టే. జేబులో వైరు ఎటు మడిచామో, ఎటు వంగిందో చూసుకుంటూ, కాన్పుకి దగ్గరపడ్డ మనిషిని నడిపించుకుంటూ వెళ్ళినట్టు వెళ్ళేవాళ్ళం.

నాకప్పుడు చిలకలూరిపేట దగ్గర ఓ పత్తి మిల్లు ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చునే ఉద్యోగం. మాది అద్దంకి పక్కన పల్లెటూరు. పొద్దున బస్సులో గంటకు పైనే, సాయంత్రం మళ్ళీ అంతే. ఆ ప్రయాణమంతా నేను ఇంగ్లీషు రాక్ పాటలు వినేవాణ్ణి. కాలేజీలో నా గదిలో ఉన్నవాడు అంటించిన జబ్బది. మా మిల్లులో గానీ, మా బస్సులో గానీ, ఆ మాటకొస్తే అద్దంకి నుంచి పేట దాకా ఉన్న రోడ్డు మీద గానీ అలాంటివి వినే మనిషి నేనొక్కణ్ణేనని నాకు గట్టి నమ్మకం. అందుకని కళ్ళు సగం మూసి, తల నెమ్మదిగా ఊపుతూ, పక్క సీటు వాళ్ళకు అంతుపట్టని లోకంలో ఉన్నట్టు కనిపించేవాణ్ణి. పక్క సీటు వాళ్ళు నాకు కునుకు పట్టిందనుకుని భుజం మీద తట్టి, "అబ్బాయ్, మార్టూరు దాటాం, నువ్వెక్కడ దిగాలి?" అని అడిగేవాళ్ళు.

అంతకుముందు నా చేతిలో ఐదు జతలు పోయాయి. ఒకదాని వైరు బస్సు కిటికీ షట్టరు కింద పడి నలిగింది. ఒకటి మిల్లులో కుర్చీ చక్రానికి చుట్టుకుంది. ఒకటి గుంజకు తగిలించి స్నానానికి వెళ్ళొచ్చేసరికి మా దూడ నమిలేసింది, పైగా నమిలాక నచ్చలేదన్నట్టు మొహం పెట్టింది. మిగిలిన రెండూ కారణం చెప్పకుండానే కాలం చేశాయి. మా అమ్మ ఏదీ వృథా పోనివ్వదు కాబట్టి ఆ వైర్లన్నీ దొడ్లో బీరపాదుకి తాళ్ళుగా కట్టింది. చుట్టాలెవరైనా వస్తే పాదు చూపించి, ఇదంతా మావాడి సంగీతమేనని చెప్పేది.

ఇలా కాదని నేను నాలుగు నెలలు పరిశోధన చేశాను. ఇంటర్నెట్‌లో దొరికిన ప్రతి ముక్కా చదివి, చెవుల్లో దూర్చేవి వద్దు, తల మీదుగా వచ్చి చెవుల్ని కప్పేవే కావాలని తేల్చాను. అవి మన్నాలి. నాకు కళ్ళజోడుంది కాబట్టి గంటసేపు పెట్టుకున్నా కణతలు నొక్కకూడదు. డ్రమ్ము మోతలో గిటారు మునిగిపోకూడదు. ఇన్ని ఓమ్‌లు ఉండాలి, లోపలి స్పీకరు ఇన్ని మిల్లీమీటర్లు ఉండాలి అని ఓ కాగితం మీద రాసి పర్సులో పెట్టుకున్నాను (ఓమ్ అంటే ఏమిటో అప్పుడూ తెలీదు, ఇప్పుడూ తెలీదు). చివరికి నీలం గీతతో, మడతపడే ఓ జత మీద మనసు పడి, దాని ఫోటో నా ఫోను తెరమీద పెట్టుకున్నాను. కొడుకు ఫోనులో ఎవరో పిల్ల ఫోటో ఉంటుందని ఆశపడి చూసిన మా అమ్మ, దాన్ని చూసి రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు.

జీతం తెచ్చి అమ్మ చేతిలో పెట్టడం మా ఇంటి పద్ధతి. ఆమె రెండు వేలకు ఒప్పుకుంది గానీ, రెండు షరతులు పెట్టింది. మొదటిది, ఇదే ఆఖరు. ఇది కూడా పాదుకెక్కితే ఇక నా పెళ్ళయ్యేదాకా ఇంట్లో ఆ ఊసెత్తకూడదు. రెండోది, కొనడానికి పెద్ద మావయ్యను వెంట తీసుకెళ్ళాలి. మొదటి షరతుకి భయపడ్డాను. రెండోదానికి గుండె జారిపోయింది.

పెద్ద మావయ్య అంటే మా అమ్మకు అన్నయ్య. అద్దంకి చుట్టుపక్కల పాతిక ఊళ్ళలో గేదెల బేరాలు ఆయన మీదుగానే జరుగుతాయి. భుజం మీద తెల్ల తువ్వాలు, పొలం అవతలి గట్టుకు కూడా వినపడే గొంతు. గేదెను ఆయన ముందు నుంచి చూడడు. మాట్లాడకుండా చుట్టూ మూడుసార్లు తిరుగుతాడు, వీపు మీద వెంట్రుకకు ఎదురుగా చెయ్యి రాస్తాడు, తోక లాగి తన్నుతుందేమో చూస్తాడు. ఆయన్ని ఇంతవరకూ ఏ గేదే మోసం చెయ్యలేదు, గేదెగలవాడూ మోసం చెయ్యలేదు. ఆ ధైర్యంతోనే మా బంధువర్గంలో ఏ వస్తువు కొన్నా ఆయన చేతే కొనిపిస్తారు. మా ఇంటి ఫ్రిజ్జుని కూడా ఆయనే వెనకవైపు నుంచి చూసి ఎంపిక చేశాడు. అది చేసే చప్పుడుకి పక్కింటివాళ్ళు లేస్తారు గానీ, ఇవాళ్టికీ చెడిపోలేదు.

ఆదివారం పొద్దున్నే ఇద్దరం గుంటూరులో దిగి బ్రాడీపేటలో ఓ కొట్టుకి వెళ్ళాం. కొట్టాయన కళ్ళజోడు పెట్టుకున్న నెమ్మదస్తుడు. నేను కాగితం తీసి ఓమ్‌ల గురించి మొదలుపెట్టేలోపే మావయ్య అద్దాల బల్ల చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. రెండోది చేశాడు. మూడోది అయ్యాక నా నీలం గీత జతనీ, దాని పక్కన మూల పడున్న నల్లటి, లావాటి, ఏ గీతా లేని ఇంకో జతనీ బయటికి తీయించాడు. రెండింటి ధరా రెండు వేల లోపే. ఆయన వాటిని చెవులకు పెట్టుకోలేదు. తిరగేసి కీళ్ళు వంచి చూశాడు. మెత్తల్ని వేలితో పైకెత్తి, పళ్ళు చూసినట్టు లోపలికి చూశాడు. వైరు పట్టుకుని ఒక్క లాగు లాగాడు. కొట్టాయన కుర్చీలోంచి లేచాడు.

"ఎన్నో ఈత ఇది?" అని మావయ్య నల్లదాన్ని చూపించి అడిగాడు. ఎన్నిసార్లు ఈనిందీ అని ఆయన అర్థం. పాపం కొట్టాయనకి ఏమర్థమైందో గానీ, మొదటిది పాతబడిపోయిందనీ, ఇది కంపెనీవాళ్ళు మార్చి తెచ్చిన రెండోదనీ చెప్పాడు. మావయ్య నా వైపు తిరిగి, రెండో ఈతదానికి తిరుగులేదురా అన్నట్టు కనుబొమ్మలెగరేశాడు.

అక్కడితో అయిపోతుందనుకున్నాను. కానీ మా వైపు గేదెను చూడగానే కొనరు. కొందరు అమ్మేవాళ్ళు ముందు పూట పాలు తీయకుండా ఆపేసి, నిండు పొదుగు చూపించి అంటగడతారు. అందుకని కొనేవాడు అక్కడే ఉండి, రెండు పూటలా పాలు పితికించి, కొలత చూశాకే మాట ఇస్తాడు. కొట్టులో ఉన్న సరుకు రాత్రంతా విశ్రాంతిగా ఉండి ఇప్పుడు బాగా పలుకుతుందనీ, పొద్దున ఒక పూట, సాయంత్రం ఒక పూట విని గానీ చెప్పలేననీ మావయ్య కొట్టాయనకి వివరించాడు. కొట్టాయన అలా కుదరదన్నాడు. అనుమానమున్న సరుకు అమ్మేవాళ్ళే కుదరదంటారని మావయ్య అన్నాడు, వీధి చివరిదాకా వినపడేటట్టు. కొట్టాయన స్టూలు వేశాడు.

అలా మా పెద్ద మావయ్య, జీవితంలో భజన తప్ప మరో సంగీతం ఎరగని మనిషి, బ్రాడీపేట నడిబొడ్డున స్టూలు మీద కూర్చుని రాక్ వినడం మొదలుపెట్టాడు. నా ఫోనులో పదకొండు పాటలున్నా, ఒకే ఒక పాటని మార్చి మార్చి రెండు జతల్లోనూ పెట్టమన్నాడు. రెండింటికీ ఒకే మేత వేస్తే గదా తేడా తెలిసేది. అది నాకు ప్రాణమైన పాట, ఆరు నిమిషాల పాట, అందులో నాలుగు నిమిషాలు పాడేవాడు గొంతు చించుకుంటాడు. మావయ్య కళ్ళు మూసుకుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, ముఖంలో ఏ మార్పూ లేకుండా దాన్ని పన్నెండింటి దాకా విన్నాడు. భోజనం చేసొచ్చి మూడింటి నుంచి మళ్ళీ విన్నాడు. మధ్యలో ఎవరైనా లోపలికొస్తే చెవులు మూసున్న సంగతి మరిచిపోయి, తన మామూలు గొంతుకు రెట్టింపు గొంతుతో, "రండి, కూర్చోండి, ఇంకా పితుకుతున్నాం" అనేవాడు.

నేనేం చేశానో చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. టీవీల వైపు వెళ్ళి, వాటిని కొనడానికొచ్చిన మనిషిలా నిలబడ్డాను. కొట్టాయన నా దగ్గరికొచ్చి, ఆయన మీ తాలూకానా అని గొంతు తగ్గించి అడిగితే, బస్సులో పరిచయమండీ అన్నాను. నా మాట పూర్తయ్యేలోపే అవతలి నుంచి, "ఒరేయ్ అల్లుడూ, మీ అమ్మ నీకు పెరుగన్నం కట్టింది గదా, తిన్నావా?" అని వినపడింది. కొట్టాయన నా వైపు జాలిగా చూసి వెళ్ళిపోయాడు.

సాయంత్రానికి తీర్పొచ్చింది. నీలం గీతది చూపులకి బావుంది గానీ ఒక పూట సరుకేనట. మధ్యాహ్నం నుంచి కణతలు నొక్కుతోందట, చెవులు ఉడికిపోయాయట, వంచినప్పుడల్లా కీలు కిర్రుమంటోందట. నల్లదాన్ని పెట్టుకుంటే పెట్టుకున్న సంగతే గుర్తు రావట్లేదట. నేను నాలుగు నెలల పరిశోధనతో ఎదురు తిరగబోయాను. ఆయన నీలందాన్ని నా తలకు పెట్టి, అరగంట అలాగే కూర్చోమన్నాడు, పాట కూడా పెట్టలేదు. పావుగంటకే నా కళ్ళజోడు కాడలు కణతల్లో దిగబడ్డాయి. అయినా పట్టుదలకి పోయి ఇంకో పది నిమిషాలు కూర్చున్నాను. కళ్ళల్లో నీళ్ళొచ్చాక తీసేశాను.

నల్లది ఖాయమైంది. కొట్టాయన సీలు తీయని కొత్త డబ్బా ఒకటి తెచ్చి ఇవ్వబోతే మావయ్య ససేమిరా అన్నాడు. "పాలు చూసిన గేదెనే తోలుకెళ్తాం గానీ, దాని చెల్లెల్ని కాదండి" అని తను విన్నదాన్నే ఇమ్మన్నాడు. ఆ తర్వాత భుజం మీది తువ్వాలు తీసి కొట్టాయన చేతి మీద కప్పి, కింద నుంచి ఆయన వేళ్ళు పట్టుకున్నాడు. సంతలో బేరం పదిమందికీ తెలియకుండా అలా వేళ్ళు నొక్కి చెప్పుకుంటారు. కొట్టాయనకి చక్కిలిగింతలు. మెలికలు తిరిగిపోతూ ఎంతకు తలూపాడో ఆయనకే తెలీదు. ఈలోపు బస్సు టైమైందనీ, ముందెళ్ళి సీట్ల మీద రుమాళ్ళు వెయ్యమనీ మావయ్య నన్ను తరిమాడు. నేను పరిగెత్తాను. జీవితంలో నేను చేసిన తప్పుల్లో అదొకటి.

ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, సంచీలోంచి నల్లదాన్ని తీశాను. వైరు లేదు. దానికి వైరు ఊడదీసి మళ్ళీ పెట్టుకునే రకం, అడుగున చిన్న బెజ్జం ఉంది. సంచీ తిరగేశాను, దులిపాను, పెరుగన్నం డబ్బాలో కూడా చూశాను. మావయ్య అరుగు మీద కాళ్ళు చాపుకుని మంచినీళ్ళు తాగుతూ, ఏం వెతుకుతున్నావురా అని అడిగాడు. వైరన్నాను.

"పలుపు ఆయనకిచ్చేశాగా" అన్నాడు.

గేదెను అమ్మినవాడు దాని మెడ పలుపు ఇవ్వడు, విప్పి తన దగ్గరే ఉంచుకుంటాడు. పలుపు పోతే కొట్టంలో పాడి కూడా దాంతోపాటే పోతుందని మా వైపు పట్టింపు. కొన్నవాడు కూడా అడగడు. పాత పలుపుతో వచ్చిన గేదె పాత ఇంటి దారే పడుతుంది. అందుకని కొన్నవాడు తన కొత్త తాడు కట్టుకుని తోలుకెళ్తాడు. రోజంతా మాకు స్టూలు వేసి, మంచినీళ్ళిచ్చిన కొట్టాయన ఇల్లు చల్లగా ఉండాలని మావయ్య బెజ్జంలోంచి వైరు లాగి, రెండు చేతులా ఆయనకు అందించి వచ్చాడు. ఆయనెందుకు తీసుకున్నాడో నాకర్థమవుతుంది. ఆ సమయానికి మావయ్య వెళ్ళిపోతానంటే కొట్టు తాళం చెవులిచ్చినా తీసుకునేవాడే.

నాకు ఏడుపొచ్చింది. ఊరికే అనట్లేదు, నిజంగానే వచ్చింది. ఇరవై మూడేళ్ళవాణ్ణి, ఉద్యోగస్తుణ్ణి, దొడ్లోకి వెళ్ళి బీరపాదు పక్కన నిలబడి ముక్కు తుడుచుకున్నాను. అమ్మ ఇచ్చిన ఆఖరి అవకాశం, నాలుగు నెలల కల, చేతిలో నల్లటి మూగ తట్టలా ఉండిపోయింది. గుంటూరు వెళ్ళి వైరు అడిగి తెస్తానంటే మావయ్య ఒప్పుకోలేదు. ఇచ్చిన పలుపు వెనక్కి అడగడమంత తలవంపులు ఇంకోటి లేదన్నాడు. నా మొహం చూసి, "కొత్త తాడు నేను కడతాగదరా, ఏడవబాక" అన్నాడు, ఎప్పుడూ లేనంత మెల్లిగా.

మర్నాడు నా చేత మిల్లుకి సెలవు పెట్టించి, అద్దంకిలో మైకు సెట్లు బాగుచేసే ఆయన దగ్గరికి తీసుకెళ్ళాడు. తిరునాళ్ళలో ఎడ్ల కాళ్ళ కింద పడినా తెగని మైకు వైరు, ఎర్రటిది, చిటికెనవేలంత లావుది, ఐదు గజాలు కోయించాడు. అంత పొడుగెందుకంటే, గేదెకు మేతకి తిరిగేంత తాడుండాలన్నాడు. మైకాయన రెండు కొసలకీ పిన్నులు అతికించి ఇచ్చాడు. ఆ తాడు బరువుకి హెడ్‌ఫోన్లు ఓ పక్కకు ఒరిగేవి. తర్వాత రోజుల్లో దాన్ని చుట్టగా చుట్టి భుజాన వేసుకుని బస్సెక్కితే, కండక్టరు నన్ను కరెంటు ఆఫీసు మనిషి అనుకుని వాళ్ళ ఇంటి మీటరు సంగతి మాట్లాడేవాడు. అయితే ఒక్క మాట చెప్పాలి. అవి పదేళ్ళు పనిచేశాయి. మెత్తలు రెండుసార్లు మార్చాను, తల మీది పట్టీకి అమ్మ పాత జాకెట్టు గుడ్డ కుట్టింది, ఎర్ర తాడు మాత్రం చెక్కుచెదరలేదు.

ఆ రోజు మైకాయన కొట్టులోనే మొదటిసారి వాటిని నా చెవులకు పెట్టుకున్నాను. అదే పాట పెట్టాను. కుడి చెవిలో ఇంకో గిటారుంది. ఎనిమిది నెలలుగా ఒకడే వాయిస్తున్నాడని నేననుకున్న పాటలో, రెండోవాడు మొదట్నుంచీ, నేను వినకపోయినా, తన పని తాను చేసుకుపోతున్నాడు. మావయ్య కాళ్ళ మీద పడదామనిపించింది. ఆయన నా మొహం చూసి తృప్తిపడి, తర్వాత మైకాయన ముందే ఓ ప్రశ్న వేశాడు. "నిన్న పొద్దుట్నుంచీ వింటున్నాగా. ఆ పాడేవాడి గొంతులో ఏదో పెద్ద కష్టముందిరా. ఏం పోగొట్టుకున్నాడు?"

ఎనిమిది నెలలుగా ఆ పాట వింటున్నాను, దాని గురించి మిల్లులో ఉపన్యాసాలిచ్చాను, అందులో ఒక్క ముక్క నాకర్థం కాలేదు. అర్థం చేసుకోవాలని తట్టనైనా లేదు. మావయ్య ఒక్కరోజు విని అడగాల్సినది అడిగాడు. తెలీదని చెప్పొచ్చు. కానీ మైకాయన కూడా పని ఆపి నా వైపే చూస్తున్నాడు.

"గేదె తప్పిపోయింది మావయ్యా" అన్నాను.

మావయ్య తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "అనుకున్నా" అన్నాడు. పాలిచ్చేదా, వట్టిపోయినదా అని అడిగాడు. పాలిచ్చేదేనన్నాను. మరి అరవడా అన్నాడు మైకాయన.

ఆ తర్వాత ఏ సంతలో ఎవరి గేదె తప్పిపోయినా, మావయ్య వాళ్ళకి ఆ దొరగారి కథ చెప్పి ధైర్యం చెప్పేవాడట. నేను కనపడినప్పుడల్లా దొరికిందా అని అడిగేవాడు. ఇంకా వెతుకుతున్నాడని చెప్పేవాణ్ణి. కొన్నేళ్ళకి ఎందుకో ఆ పాట సాహిత్యం తీసి చదివాను. అతనెవరో తన పాత కారు అమ్మేసుకుని దాని గురించి బాధపడుతున్నాడు, అంతే. చదివినందుకు చిరాకేసింది. నాకు ఆ పాటలో కారు ఇప్పటికీ కనపడదు.

పోయిన నెల మావయ్య కంటి పరీక్షకని గుంటూరొచ్చి మా ఇంట్లో దిగాడు. ఇప్పుడు నేనిక్కడే ఉంటున్నాను, మంచి ఉద్యోగం, సొంత ఫ్లాటు. నా దగ్గర వైరులేని ఖరీదైన హెడ్‌ఫోన్లున్నాయి, ఎవరినీ అడక్కుండా, ఎవరినీ వెంటపెట్టుకోకుండా, అన్నం తింటూ ఫోనులో కొన్నవి. ఆయన తలకు పెట్టి ఆ పాటే వేశాను. కళ్ళు మూసుకుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, ఆరు నిమిషాలూ విన్నాడు. డెబ్భై దాటిన మనిషిని ఇంకా ఎన్నాళ్ళు ఆ గేదె కోసం ఎదురు చూడనిస్తామని నాకు జాలేసింది. దొరికింది మావయ్యా, మొన్ననే ఈనింది కూడా అని చెప్పాను. ఆయన మొహం విప్పారింది. అంతలోనే ఏదో అనుమానమొచ్చినట్టు హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"దొరికితే మరి ఇంకా ఎందుకు అరుస్తున్నాడ్రా?"

రెండు చెవులా వినపడుతోంది, ఏ వస్తువు కొనాలన్నా కొనుక్కోగలను, అనుకున్నవన్నీ దాదాపు అమిరాయి. అయినా రోజూ ఆఫీసుకెళ్తూ ఆ అరుపులే వింటున్నాను, అదీ కళ్ళు సగం మూసుకుని. "అలవాటైపోయింది మావయ్యా" అన్నాను.

ఆయన నా వైపు ఓ క్షణం చూసి, "పోన్లే, కాసేపు అరవనీ" అని మళ్ళీ చెవులకు పెట్టుకున్నాడు.